రైతుల ఆధార్ ఫొటోలు: గూగుల్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు కోసం అడుగుతున్నానండీ. రైతుల ఆధార్, పాస్‌బుక్ ఫొటోలన్నీ వాట్సాప్‌లోనే వస్తున్నాయి. మనల్ని నమ్మి పంపినవి, బయటికి పోకూడదు.

చాట్‌కి ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప ఎవరూ చదవలేని తాళం) ఉంది, సరే. గూగుల్ డ్రైవ్‌కి వెళ్ళే బ్యాకప్‌కి మాత్రం సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లో విడిగా ఆన్ చెయ్యాలి. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకోవచ్చు. అది పోతే వాట్సాప్ వాళ్ళు కూడా తెరవలేరు. ఇంత చేసినా, ఆ ఫొటోలు గ్యాలరీలో చేరి, గూగుల్ ఫొటోస్‌లో వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అటునుంచి ఎక్కిపోతాయి. అక్కడ ఎన్‌క్రిప్షన్ ఉన్నా తాళంచెవి గూగుల్ చేతిలోనే. అందుకని వాట్సాప్‌లో మీడియా విజిబిలిటీ (ఫొటోలు గ్యాలరీలో కనిపించేలా చేసే సెట్టింగ్) ఆపేయించాను.

ఇక తేలాల్సినవి ఇవి. ఫైళ్ళని క్రిప్టోమేటర్ అనే యాప్‌తో, మన పాస్‌వర్డ్‌తోనే తెరుచుకునేలా తాళం వేసి డ్రైవ్‌లో పెడదామని ఆలోచన. ఫోన్లోనూ కంప్యూటర్లోనూ ఒకేసారి మారిస్తే కాపీలు రెండవుతాయి కదా, దాన్ని ఎలా సర్దుకుంటున్నారు? గుమాస్తా మారినప్పుడు పాస్‌వర్డ్ సంగతేంటి? చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటే చెల్లింపులకి ఎక్కడైనా అడ్డం వస్తుందా? విజయవాడ, గుంటూరుల్లో ఇలా నడుపుతున్నవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.