99 దగ్గర ఆగిపోయే బార్: మీరేం చేస్తున్నారు?

తక్‌పట్టీ_కోడ్
అన్నలూ అక్కలూ, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమిషన్) దుకాణాలకు లెక్కల యాప్ చేస్తున్నాను. కాంటాలయ్యాక సాయంత్రం ఆ రోజు లాట్లన్నీ, అంటే ఒక్కో రైతు సరుకు లెక్కలన్నీ, ఒకేసారి సర్వర్‌కు పోతాయి. మిర్చి సీజన్ కదా, ఒక్కో దుకాణానికి రెండు వందలకు పైనే. ఎంత పని అయిందో చూపే బార్ ముప్పై సెకన్లలో 99 శాతానికి పోతుంది, అక్కడ రెండు నిమిషాలు కదలదు. గుమాస్తా ఇక పనిచేయట్లేదనుకొని యాప్ మూసి మళ్లీ పంపుతాడు. నిన్న ఒక రైతు పేరు మీద 18 బస్తాలు రెండుసార్లు ఎక్కాయి. శాతం చూపించాలా, ఉత్త చక్రం తిప్పాలా? ఇంకా ఎంతసేపో చెప్పాలా? ఆకుపచ్చ రంగు సరేనా? పాత ఫోన్లలో కూడా నడవాలి.

నెట్‌సెంటర్_హన్మకొండ
రంగు సంగతి తర్వాత తమ్మీ. పోయినేడు కౌన్సెలింగ్ ఆఖరి రోజు, రాత్రి పదిన్నరకు పరకాల దిక్కు నుంచి తండ్రీకూతుళ్లు వచ్చారు. ఫీజు పేజీలో బార్ నిండింది, టిక్ కూడా పడింది. ఆ పిల్ల లేచి చెప్పులు వేసుకుంది. ఎందుకో అనుమానమొచ్చి రసీదు పేజీ తెరిస్తే ఖాళీ. డబ్బు కట్ అయింది, అప్లికేషన్ ఎక్కలేదు. పన్నెండు లోపల మళ్లీ కట్టాలి. ఆయన బావమరిదికి ఫోన్ చేసి డబ్బు వేయించుకున్నాడు. చేతులు వణికి ఓటీపీ కొట్టలేకపోతే నేను కొట్టాను. రసీదు నంబరు రానిదే బార్ నిండొద్దు. నేను చెప్పేది ఇంతే.

పదకొండేళ్ల_యూఐ
పదకొండేళ్లుగా నా పని యూఐ, అంటే యాప్ స్క్రీన్లు తయారుచేయడం. బ్యాంకులకు చేశాను, ఆసుపత్రులకు చేశాను. ఈ రంగంలో నిపుణుడు జాకబ్ నీల్సన్ చెప్పిన మూడు హద్దులు ముందు తెలుసుకో. 0.1 సెకనులో అయితే వెంటనే అయినట్టే. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే మనిషి ధ్యాస వేరే పని మీదికి పోతుంది. నీది 10 దాటింది, శాతం ఉండాల్సిందే. కానీ దాన్ని అసలు లెక్కతో ముడిపెట్టకు. టైమర్ మీద నడిపించు. మూడు సెకన్లలో 90కి తెచ్చి, అక్కడి నుంచి మెల్లగా జరుపు, జవాబు రాగానే నింపెయ్. లోపల ఏం జరుగుతుందో జనానికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

నెట్‌సెంటర్_హన్మకొండ
జనానికి తెలియదా? ఆ జనం నా కౌంటర్ ముందు నిలబడి ఏడుస్తారు సార్. మీరు టైమర్ పెట్టి నింపిన 90ని నమ్మే వాళ్లు లేచి బస్టాండుకు పోతారు.

నిట్_గేటు_పక్క
యూఐ సార్, తప్పొప్పులు పక్కన పెట్టినా మీ చిట్కా తిరగబడింది. 2007లో పరిశోధకుడు క్రిస్ హారిసన్ బృందం రకరకాల నడకల బార్లను జతలుగా చూపించి, ఏది తొందరగా అయినట్టుందని అడిగింది. అన్నిటికీ పట్టిన టైం ఒక్కటే. మొదట నెమ్మదిగా పోయి చివర్లో ఊపందుకున్న బార్ తొందరగా అయినట్టు అనిపించింది. చివర్లో ఆగినవి ఎక్కువసేపు పట్టినట్టు తోచాయి. మీరు చెప్పేది పరుగెత్తించి చివర్లో పాకించమని. ఈ తమ్ముడికి వచ్చిన రోగమే అది, మళ్లీ అదే మందా?

పదకొండేళ్ల_యూఐ
ఆ ప్రయోగంలోవి సెకన్ల బార్లు, ల్యాబ్‌లో కూర్చోబెట్టి చూపించినవి. రెండున్నర నిమిషాల పనికి, చుట్టూ హమాలీల కేకల మధ్య అదే వర్తిస్తుందని ఎట్లా అంటారు? అదే హారిసన్ బృందం 2010లో బార్ మీద చారలను వెనక్కి జరిపి, పట్టిన సమయం 11 శాతం తక్కువ అనిపించేలా చేసింది. అది మాయ కాదా? వాళ్లు చేస్తే పరిశోధన, నేను చేస్తే మోసమా?

నిట్_గేటు_పక్క
చార ఏమీ చెప్పదు. 90 అనే అంకె చెబుతుంది, ‘పనిలో పది పాళ్లే మిగిలింది’ అని. సర్వర్ ఇంకా మొదలే పెట్టకపోతే అది అబద్ధం. మీకు నాకు తేడా ఇక్కడే.

గోదావరిఖని_మూడోషిఫ్ట్
మీ ఇద్దరూ కాస్త ఆగండి. ఆ ‘ఆగండి’తోనే నాకు దెబ్బ తగిలింది. మా యాప్‌లో బార్ కింద ‘ఆగండి’ అని రాశాను. మా అమ్మ అది చదివి పని ఆపెయ్యమన్నారనుకొని వెనక్కి నొక్కింది, మూడుసార్లు. ‘దయచేసి వేచి ఉండండి’ అని మార్చితే, వేచి అంటే ఏందిరా అంది. ఇప్పుడు ‘పని నడుస్తోంది, ఫోన్ బంద్ చేయొద్దు’ అని ఉంది. ఆ తర్వాత ఒక్కసారీ వెనక్కి నొక్కలేదు.

భాషాభిమాని_సుబేదారి
‘బంద్’ మన మాట కాదు. ‘ఆపవద్దు’ అంటే చక్కగా ఉంటుంది.

గోదావరిఖని_మూడోషిఫ్ట్
మా ఇంట్లో, మా గనిలో, మా బజార్లో బంద్ అనే అంటారు. అమ్మకు అర్థమైన మాటే నా యాప్‌లో ఉంటుంది. దీని మీద నేనింక మాట్లాడను.

జమ్మికుంట_పత్తి
అసలు ప్రశ్న వదిలేశారు. తమ్మీ, నీ బార్ ఫోన్ నుంచి ఎన్ని బైట్లు (ఎంత డేటా) బయటికి పోయాయో లెక్కిస్తోంది. బ్రౌజర్ ఇచ్చే అప్‌లోడ్ లెక్కలో అంతకన్నా ఏమీ ఉండదు. బైట్లు ముప్పై సెకన్లలో పోతాయి. సర్వర్ ఒక్కో లాట్‌ను సరిచూసి రాసుకునే రెండు నిమిషాలు నీ బార్‌కు తెలియదు, అందుకే 99 దగ్గర నిలబడుతుంది. మాకూ రెండేళ్ల కింద పత్తి సీజన్‌లో ఇదే గోస. శాతం తీసేసి లాట్లు లెక్కపెట్టాం. ఒక్కో లాట్ విడిగా పోతుంది, దానికి ఫోన్లోనే ఒక నంబరు పడుతుంది, సర్వర్ ‘ఎక్కింది’ అన్నాకే లెక్క ఒకటి పెరుగుతుంది. అదే నంబరు మళ్లీ వస్తే సర్వర్ రెండోసారి రాయదు. గుమాస్తా వందసార్లు నొక్కినా ఆ 18 బస్తాలు 36 కావు. ఇది ముందు చెయ్యి, బార్ సోకులు తర్వాత.

ఇంకో మాట. తూకం వేసే దడువాయికి, గుమాస్తాకు 63 శాతం అంటే ఏమీ తోచదు. ‘208లో 131’ అంటే వెంటనే తెలుస్తుంది, ఆ చిట్టీలు పొద్దటి నుంచి వాళ్లు చేతులతో పట్టుకున్నవే. టైం చెబితే ‘సుమారు 2 నిమిషాలు’ అను, సెకన్లు వద్దు. నెట్ ఊగినప్పుడల్లా 40 సెకన్లు 3 నిమిషాలవుతుంది, ఒకసారి అట్లా చూశాక ఇక ఎవడూ నమ్మడు.

పదకొండేళ్ల_యూఐ
ఒక్కో లాట్‌కు ఒక్కో రిక్వెస్ట్ అంటే సర్వర్ మీద భారం. పదేసి కట్టలుగా పంపొచ్చు. లెక్క పెట్టే పద్ధతి మాత్రం బాగుంది, ఒప్పుకుంటాను. డబ్బు కట్టే చోట టైమర్ పెట్టమని నేను అనలేదు, అది కూడా రాసుకోండి.

నెట్‌సెంటర్_హన్మకొండ
పైకి జరిపి మీ మాట మీరే చదువుకోండి. ఏ చోటో మీరు చెప్పలేదు.

తక్‌పట్టీ_కోడ్
జమ్మికుంట అన్నా, రెండు రోజులు కూర్చొని నువ్వు చెప్పినట్టే మార్చాను. ఈ సాయంత్రం ఒక దుకాణంలో పెట్టి పక్కనే నిలబడ్డాను. ‘లాట్ 140 ఎక్కింది, మొత్తం 208’ దగ్గర నెట్ పోయింది. గుమాస్తా ఏమీ నొక్కలేదు. ఫోన్ తక్కెడ మీద పెట్టి చాయ్ తాగి వచ్చాడు. 141 నుంచి అదే మొదలైంది. అన్నీ ఎక్కాక మొత్తం కూడే దగ్గర 12 సెకన్లు కదలిక లేదు, అప్పుడు మాత్రం నా దిక్కు చూశాడు. అక్కడ ‘మొత్తం కూడుతోంది, బంద్ చేయొద్దు’ అని రాశాను. రెండుసార్లు ఎక్కినవి ఇవాళ ఒక్కటీ లేవు. ఆకుపచ్చ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

జమ్మికుంట_పత్తి
మధ్యాహ్నం ఎండలో ఆ ఫోన్ యార్డులోకి తీసుకుపోయి చూడు. మా లేత పచ్చ బార్ బూడిద రంగు మీద అసలు కనపడలేదు, ముదురు నీలం చేశాం. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని వాళ్లూ ఉంటారు, రంగు పక్కన అంకె ఉంచు. ఆ అంకె పెద్దగా రాయి, అరవై ఏళ్ల దడువాయి అద్దాలు లేకుండా చదవాలి.