రికర్షన్‌ని ‘పునరావృతం’ అనవచ్చా?

గుంటూరు లెక్చరర్:
నిన్న పేపర్లు దిద్దుతుంటే సగం మంది ఒకటే రాశారు: “రికర్షన్ అంటే పునరావృతం, పని మళ్లీ మళ్లీ చేయడం.” మార్కు వేయడానికి చెయ్యి రాలేదు. ఆ పని లూప్ కూడా చేస్తుందిగా, ఒకే కోడ్‌ని తిప్పి తిప్పి నడిపేది! రికర్షన్‌లో ఫంక్షన్, అంటే ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్క, తనని తానే పిలుచుకుంటుంది, ప్రతిసారీ ఇంకాస్త చిన్న లెక్కతో. ఒకచోట ఆగి, జవాబు పట్టుకుని వెనక్కి రావాలి. ఇవేవీ ‘పునరావృతం’లో లేవు. ఆ మాట మానేద్దామంటాను.

బెజవాడ కోడర్:
మాస్టారూ, ఒక్క మాటలో అన్నీ ఎలా ఇముడుతాయండీ? లాటిన్ మూలానికి అర్థం వెనక్కి పరిగెత్తడం, అంతే. అయినా ఉద్యోగంలో రికర్షన్ రాసేది తక్కువ. ఫిబొనాచి వరసలో ప్రతి సంఖ్యా దాని ముందున్న రెండిటి మొత్తం కదా. అందులో 30వ సంఖ్యకి మామూలు రికర్షన్ రాస్తే ఫంక్షన్ 26,92,537 సార్లు నడుస్తుంది. లూప్‌కి 30 చుట్లు కూడా పట్టవు. పిల్లలకి లూప్ గట్టిగా వస్తే చాలు.

గుంటూరు లెక్చరర్:
అది రికర్షన్ తప్పు కాదు తమ్ముడూ. చేసిన లెక్కే మళ్లీ చేయడం వల్ల వచ్చిన తిప్పలు. వచ్చిన జవాబు రాసిపెట్టుకుంటే 59 పిలుపులతో అయిపోతుంది.
మా స్టాఫ్ రూంలో 64 పేపర్లు రోల్ నంబరు వరసలో పెట్టాలనుకోండి. సగం నా దగ్గర ఉంచుకుని, సగం పక్కన మేడమ్‌కి ఇస్తాను. ఆవిడ తన 32లో సగం ఇంకొకరికి ఇస్తారు, నేనూ అంతే. అందరం ఇలాగే ఒక్కో పేపరు మిగిలేదాకా పంచుకుంటూ పోతాం. చేతిలో ఒక్క పేపరే ఉన్నవాళ్లకి సర్దే పనే లేదు. అక్కడి నుంచి రెండేసి కట్టలు వరసగా కలుపుకుంటూ వెనక్కి రావడమే. 1945లో గణిత శాస్త్రవేత్త ఫాన్ నాయ్‌మన్ రాసిన మెర్జ్ సార్ట్ అనే వరస పెట్టే పద్ధతి ఇదే. ఇందులో మళ్లీ మళ్లీ చేయడం కన్నా పంచుకోవడం, కలుపుకోవడం ముఖ్యం.

తెనాలి తెలుగు టీచర్:
నాకు కోడింగ్ రాదు, తెలుగు వైపు నుంచి చెబుతాను. “వాడు వస్తాడు.” “వాడు వస్తాడని అక్క చెప్పింది.” “వాడు వస్తాడని అక్క చెప్పిందని అమ్మ అంది.” వాక్యం వెళ్లి వాక్యంలో కూర్చుంటోంది, ‘అని’ పుణ్యమా అని. భాషాశాస్త్రంలో రికర్షన్ అంటే ఇదే. దీన్ని పునరావృతం అంటే “వాడు వస్తాడు, వాడు వస్తాడు” అని రెండుసార్లు అన్నట్టుంటుంది. మనుషుల భాషలన్నిటికీ ఇది ఉందా అన్నదాని మీద పెద్ద గొడవే ఉంది. అమెజాన్ అడవుల్లోని పిరహా భాషలో లేదని 2005లో భాషావేత్త డేనియల్ ఎవరెట్ అన్నారు, చాలామంది ఒప్పుకోలేదు.

బెజవాడ కోడర్:
‘అని’ ఉదాహరణతో నా నోరు కట్టేశారు మేడమ్. సరే, పునరావృతం లూప్‌కి ఇచ్చేసి, దీన్ని రికర్షన్ అనే అందాం. లూప్ ముందు నేర్పాలన్న మాట మీద మాత్రం ఉన్నాను.

గుంటూరు లెక్చరర్:
ముందు లూపే నేర్పుదాం, అభ్యంతరం లేదు. సోమవారం రికర్షన్ క్లాసు మాత్రం మేడమ్‌గారి ‘అని’ వాక్యంతో మొదలుపెడతాను.