చర్చ: జాతి, రంగు పట్టింపు అందరిలోనూ ఎంతో కొంత ఉంటుందా? ఉంటే చేతల్లోకి రాకుండా ఆపేదెలా?

నాగావళి_గట్టు:
“మాకలాంటివేం లేవండీ” అనే మాట మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవర్నడిగినా వస్తుంది. అదే నోటితో సంబంధం మాట్లాడేటప్పుడు “పిల్ల చామనఛాయే గాని కళగా ఉంటాది” అంటాం. ఆ “గాని” ఎందుకొచ్చినట్టు? సంతకి చింతపండు తెచ్చిన సవర తెగ ఆవిడకి అరవయ్యేళ్లున్నా “ఏటే, ఎంతకిస్తావు” అంటాం. పక్క కొట్టాయన్ని మాత్రం “ఏటి బావూ” అని పలకరిస్తాం. మిల్లుల్లో పనిచేసే బీహారు కుర్రాళ్లకి పేర్లుండవు, అందరూ కలిపి “బీహారోళ్లు”. ఇది కొందరి బుద్ధా, మనుషులందరిలోనూ ఉండేదా? తెలిసినవాళ్లు లెక్కతో, పద్ధతితో చెప్పండి. సొంత గొడవలు వద్దు, ఊళ్ల పేర్లూ వద్దు.

రాజాం_రోడ్డు:
ఉంటుంది. కాని పుట్టుకతో రాదు. అప్పుడే పుట్టిన బిడ్డ ఏ జాతి ముఖాన్నైనా ఒకేలా చూస్తుంది. మూడో నెల వచ్చేసరికి రోజూ కనిపించే రకం ముఖాల వైపు ఎక్కువసేపు చూడ్డం మొదలెడుతుంది. 2005లో బ్రిటన్‌లో తేల్చారిది. మరుసటేడు ఇజ్రాయెల్‌లో ఇథియోపియా కుటుంబాల పసిపిల్లల్ని చూశారు. రెండు రకాల మనుషుల మధ్యా పెరుగుతున్న ఆ పిల్లలు ఏ పక్కకీ మొగ్గలేదు. అంటే మొదట ఉండేది ద్వేషం కాదు, కంటి అలవాటు. ఆ అలవాటు మీద ఇంట్లో మాటలు, క్రీముల ప్రకటనలు, సినిమాలో నల్లటి మనిషి కనబడగానే వచ్చే నవ్వూ ఏళ్ల తరబడి పేరుకుంటాయి.

ఇంకో సంగతి. “మనోళ్లు, పైవాళ్లు” అని విడిపోడానికి జాతే అక్కర్లేదు. 1970ల మొదట్లో హెన్రీ టాజ్ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లో 14, 15 ఏళ్ల మగపిల్లల్ని రెండు గుంపులు చేశాడు. ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయో దాన్నిబట్టి విడదీశానని వాళ్లకి చెప్పాడు గాని నిజానికి చీటీలేసినట్టు విడదీసిందే. తరవాత రెండు గుంపుల పిల్లలకీ డబ్బు పంచమన్నాడు. గుంపులో ఎవరున్నారో తెలీదు, పంచేవాడికి పైసా దక్కదు. అయినా తన గుంపుకే ఎక్కువ వేశారు. తన గుంపుకొచ్చేది కాస్త తగ్గినా ఫరవాలేదు, అవతలి గుంపుకి ఇంకా తక్కువ రావాలని చూశారు. నన్నడిగితే ఈ చివరి ముక్కే అసలు జబ్బు.

కోట_జంక్షన్:
మనలో ఎంతుందో చూసుకోడానికి ఐఏటీ (ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్) అనే పరీక్ష ఉంది. తెర మీదొచ్చే ముఖాన్నో మాటనో చూసి, అది ఏ రకమో ఆ మీట ఎంత వేగంగా నొక్కామన్నదే ఇందులో కొలత. ఆంథొనీ గ్రీన్‌వాల్డ్ బృందం 1998లో ప్రకటించింది. దాన్ని జనంలోకి తీసుకెళ్లినవాళ్లలో ముఖ్యురాలు మహజరీన్ బనాజీ మన సికింద్రాబాదులో పుట్టినావిడ. ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ సైటులో డబ్బు కట్టక్కర్లేదు, పది నిమిషాల పని. అక్కడ తెల్ల-నల్ల జాతుల పరీక్ష అమెరికా ముఖాలతో ఉంటుంది. మనకి చర్మం రంగు పరీక్షే దగ్గర.

కంప్యూటర్ మీద చెయ్యండి. ఎడమ చూపుడువేలు ఇ (E) మీట మీద, కుడిది ఐ (I) మీద. మొత్తం 7 భాగాలు. లెక్కకొచ్చేవి 3, 4, 6, 7. ఒక జతలో “తెలుపు, మంచి మాట”లకి ఒకటే మీట, “నలుపు, చెడ్డ మాట”లకి రెండోది. తరవాత జత తిరగేస్తారు. ఒక్కో జతకి ముందు 20, ఆపైన 40 సార్లు నొక్కాలి. రెండు జతల సగటు వేగాల తేడాని మన వేగాల్లో ఉండే హెచ్చుతగ్గులతో భాగిస్తే వచ్చేదే స్కోరు. 0.15 దాటితే స్వల్పం, 0.35 దాటితే మధ్యస్థం, 0.65 దాటితే బలం.

పాడయ్యేది ఎక్కడంటే: 10 సెకన్లు దాటిన జవాబు లెక్కలోంచి తీసేస్తారు. పదింట ఒకటి కంటే ఎక్కువ జవాబులు 300 మిల్లీసెకన్ల లోపే కొడితే మొత్తం పరీక్షే చెల్లదు. ముందొచ్చిన జత వైపు ఫలితం కొంచెం లాగుతుంది. ఇంగ్లీషు మాటలు తడుముకుని చదివేవాళ్లకి ఆ తడుములాట కూడా వేగంలో కలిసిపోతుంది, కాబట్టి మాటల పట్టికని ముందే రెండుసార్లు చదువుకోండి. అదే మనిషి మళ్లీ రాస్తే రెండు ఫలితాల మధ్య పొంతన 0.5 దగ్గరే ఉంటుంది (పూర్తిగా కలిస్తే 1). వేర్వేరు రోజుల్లో మూడుసార్లు చేసి సగటు చూసుకోవాలి. దీన్ని చూపించి ఎవర్నీ ఉద్యోగంలోంచి తీయకూడదు, ఎవరికీ మంచివాడని సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు.

చీపురుపల్లి_వాసి:
అందరికీ ఉందంటే ఇంక తప్పెవరిదండీ? పైగా మన దగ్గరున్నది కులం, కొండ-పల్లం తేడా. జాతి వివక్ష అమెరికావాళ్ల గొడవ కదా?

మన్యం_గాలి:
కాదండీ. జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి 1965లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం 1968లో ఆమోదించింది. దాని నిర్వచనంలో జాతి, రంగు, వంశం, జాతీయ లేక తెగల మూలం అన్నీ ఉన్నాయి. కులం ఆ “వంశం”లోకి రాదని మన ప్రభుత్వం వాదిస్తూ వచ్చింది, ఒప్పందాన్ని చూసే కమిటీ వస్తుందని 2002లో చెప్పింది. ఆ వాదన ఎటు తేలినా సవర, జాతాపు, గదబ తెగలవాళ్ల సంగతి మారదు. 1989 నాటి ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వాళ్లకి ఎలాగూ ఉంది.

తప్పెవరిదన్నారు. తలలో మెదిలేది వేరు, చేత్తో చేసేది వేరు. చట్టం మొదటిదాన్ని ముట్టుకోదు. కావాలని అవమానించాలి, అదీ నలుగురికీ కనబడే, వినబడే చోట జరగాలి, అప్పుడే ఆ చట్టంలో అవమానం గురించిన సెక్షన్ కింద నేరం. నాలుగ్గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడన్న మాటకి ఆ సెక్షన్ వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని ఫిర్యాదులో మూడు రాయాలి: అన్న మాట ఉన్నదున్నట్టుగా, ఏ చోట, ఎవరెవరు విన్నారు. “కులం పేరుతో తిట్టారు” అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే అక్కడే కేసు నీరుగారిపోతుంది. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చెయ్యాలి. సహాయానికి 14566.

ఇంకో మాట. పట్టింపు అందరిలో ఉన్నా దాని బరువు అందరి చేతుల్లో ఒకటి కాదు. సంతలో ఆవిడకి షాపాయన మీద ఏదో అభిప్రాయం ఉంటే ఆయనకి పోయేదేం లేదు. ఎర్రసిరా పెన్ను, అద్దింటి తాళం, హాజరుపట్టీ ఉన్నవాళ్ల అభిప్రాయం మాత్రం అవతలివాళ్ల బతుకు మీద పడుతుంది. జాగ్రత్త వాళ్లకే ఎక్కువ కావాలి.

పాలకొండ_మాస్టారు:
ఎర్రసిరా దగ్గరికి వచ్చారు కాబట్టి చెప్తాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో పేరు తీసేసి కోడుతోనే దిద్దిస్తారు, అక్కడ బెంగ లేదు. బెంగంతా బడిలో దిద్దే పేపర్ల దగ్గర. మన దేశంలోనే రెమా హన్నా, లీ లిండెన్ చేసిన పరిశోధన 2012లో అచ్చయింది. పిల్లల జవాబు పత్రాల మీద కులాన్ని చీటీలేసినట్టు మార్చి మార్చి అంటించి టీచర్లతో దిద్దించారు. తక్కువ కులమని రాసున్న పేపరుకి 0.03 నుంచి 0.08 ప్రామాణిక విచలనం (మార్కులు సగటుకి అటూ ఇటూ ఎంత చెదిరున్నాయో చెప్పే కొలత) మేర తక్కువ మార్కులు పడ్డాయి. చిన్న తేడానే. కాని ఆ తేడా చూపించింది ఎక్కువగా తక్కువ కులాల టీచర్లే. అందుకే “మనవాడు దిద్దుతాడులే, అన్యాయం జరగదు” అని నిశ్చింతగా ఉండడానికి లేదు. కట్టలో మొదట దిద్దిన పేపర్లలోనే ఈ తేడా ఎక్కువ. ఇంకా కొలత కుదరక చెయ్యి తడబడే సమయమది.

దాన్నిబట్టి బడిలో చెయ్యదగ్గది: పేరు మొదటి పేజీలోనే రాయించి, దిద్దే ముందు ఆ పేజీని వెనక్కి మడిచి క్లిప్పు పెట్టాలి. పై మూలన నంబరు మాత్రం ఉండాలి, అదీ రోల్ నంబరు కాకూడదు, ఎందుకంటే నెలరోజుల్లో రోల్ నంబర్లన్నీ మనకి నోటికొస్తాయి. ఒక పిల్లాడి పేపరు మొత్తం ఒకేసారి దిద్దకుండా మొదటి ప్రశ్న అందరికీ, తరవాత రెండోది అందరికీ దిద్దాలి. ప్రశ్న మారినప్పుడల్లా కట్ట తిరగెయ్యాలి. మొదటి ఐదారు పేపర్లు ఆఖర్న మళ్లీ చూడాలి. 40 పేపర్ల కట్టకి అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

ఇంత చేసినా దొరికిపోయేది చేతిరాత, భాష. సవర ముండా కుటుంబం భాష, తెలుగు ద్రావిడం. సవర ఇంట్లో పెరిగిన పిల్లకి ఖ, ఘ, ధ, భ చెవికే కొత్త. “భూమి”ని “బూమి” అని రాస్తుంది. సైన్సు పేపర్లో ఆ “బూమి” చుట్టూ ఎర్రగీత గీశామంటే పక్కనున్న సరైన జవాబుకి కూడా చెయ్యి వెనక్కి లాగుతుంది. పల్లంలో పిల్లలు కూడా మాట్లాడేటప్పుడు “బూమి” అనే అంటారు, వాళ్లకి వేరే భాష నుంచి దాటుకొచ్చే బాధ లేదు, అంతే తేడా. తెలుగు పేపరులో తప్ప మరెక్కడా వర్ణదోషానికి మార్కు తీయకూడదని ముందే రాసి పెట్టుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో చదువుండాలని పుస్తకాలు రాశారు. ఆయన పుట్టింది శ్రీకాకుళం జిల్లాలోనే. ఆగస్టు 29న ఆయనకి దండేసే బడుల్లో ఈ ఒక్క పనైనా జరగాలని నా కోరిక.

సోంపేట_బీచ్:
ఆటల గురించి. మ్యాట్ లో అనే పరిశోధకుడు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో 1,261 మంది కుర్రాళ్లని తీసుకుని, కొందరితో క్రికెట్ లీగులు ఆడించాడు, మిగతావాళ్లని పోలిక కోసం ఆడించకుండా ఉంచాడు. వేరే కులాలవాళ్లతో ఒకే జట్టులో ఆడినవాళ్లకి అవతలి కులాల్లో స్నేహాలు పెరిగాయి, ప్రత్యర్థులుగా ఎదురుపడిన చోట మేలు కనబడలేదు. మన దగ్గర సంక్రాంతి టోర్నమెంటంటే వీధికో జట్టు, అంటే కులానికో జట్టు. జట్లు చీటీలేసి కలపండి. కెప్టెన్లని ఎంచుకోనివ్వొద్దు, ఇస్తే మళ్లీ మామూలే. భోజనం ఒకే పంక్తిలో పెట్టండి, లేదంటే గ్రౌండులో కలిసింది విస్తరి దగ్గర విడిపోతుంది.

కోట_జంక్షన్:
ఒకరోజు వర్క్‌షాపు పెట్టి మనసులు మారిపోతాయనుకోవద్దు. అమెరికాలో లోపలి పట్టింపు తగ్గించే తొమ్మిది పద్ధతుల్ని పరీక్షిస్తే అప్పటికి అన్నీ పనిచేశాయి, కొద్ది గంటల నుంచి కొద్ది రోజుల్లో అన్నిటి ప్రభావమూ పోయింది. 2016లో వచ్చిన ఫలితమది. అందుకే మాస్టారు చెప్పినట్టు క్లిప్పు పెట్టడమే నయం. మనసు మారినా మారకపోయినా క్లిప్పు తన పని తాను చేస్తుంది.

అద్దెల సంగతీ అంతే. అద్దె, అడ్వాన్సు, ఎంతమంది ఉండొచ్చు అనేవి ఫోను రాకముందే కాగితం మీద రాసుకుని, ఎవరొచ్చినా అదే వరసలో చెప్పాలి. “మీరేవిట్లు?”, “ఇంటిపేరేటి?” అన్నవి ఆ కాగితంలో ఉండకూడదు. ముందొచ్చి ఒప్పుకున్నవాళ్లకే ఇల్లు.

చీపురుపల్లి_వాసి:
అద్దె మాట ఒప్పుకుంటాను. అందరిలో ఉందన్నది ఇంకా మింగుడు పడలేదు. మాస్టారూ, ఎఫ్‌ఏ (బడిలోనే టీచరు వేసే నిర్మాణాత్మక మూల్యాంకనం)లో “భాగస్వామ్యం, ప్రతిస్పందన”లకి పేపరే ఉండదు కదా, అక్కడ దేన్ని మడుస్తారు?

పాలకొండ_మాస్టారు:
అక్కడే అన్నిటికంటే ఎక్కువ జారుతుంది. టెర్ము చివర్లో గుర్తున్నదాన్నిబట్టి వేసే మార్కులవి. గుర్తుండేది గలగలా మాట్లాడే పిల్లలే. తరగతి పట్టిక ఒకటి గోడకి పెట్టి, అడిగిన ప్రశ్నకి పేరు ఎదురుగా ఒక గీత, చెప్పిన జవాబుకి ఒక చుక్క పెట్టండి. వారం ఆఖర్న చూడండి. చుక్క లేకపోవడం పిల్లాడి లోపం కావచ్చు. గీతే లేకపోతే అది మన లోపం. సోమవారం మొదటి ప్రశ్నలు గీత లేని పేర్లకే.