సమస్యాపూరణం: చెవులు మూసికొనిన చెవికి విందు

అడ్మిన్ (వాల్తేరు):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

చెవులు మూసికొనిన చెవికి విందు

అయిదూ సూర్యగణాలే (రెండు మూడక్షరాల చిన్న లయముక్కలు), చె–చె యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొంతన, ముందే కుదిరిపోయింది కాబట్టి ఈ పాదంతో మీకు పనిలేదు, మిగతా మూడింటితో తంటాలు పడండి. షరతు ఒక్కటే. పద్యం కింద మీరు ఈమధ్య ఏం వింటున్నారో, ఎందుకు వింటున్నారో కూడా రాయాలి. అందరూ కట్టకట్టుకుని కృష్ణుడి వేణువు మీద పడిపోతే ఒప్పుకోను, మీ చెవుల్లో నిజంగా మోగుతున్నదే కావాలి. తప్పొప్పులు ఎప్పట్లాగే సీతమ్మధార మాస్టారు చూస్తారు, తిట్లు తినడానికి సిద్ధపడే పోస్ట్ చెయ్యండి.

రుషికొండ టెకీ:
బస్సు హారనులకు భయపడి తొడిగితి
హెడ్డుఫోను, లోన నిళయరాజ!
వీధిగోల యెల్ల వెడలిపోయె నపుడు;
చెవులు మూసికొనిన చెవికి విందు.

రోజూ 900కె భీమిలి బస్సులో ఆఫీసుకెళ్తాను సార్, నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ కొన్నాక ఇళయరాజా పాటలే వింటున్నా. ఎందుకంటే ఆయన బేస్ గిటార్ కింద ఇంకో పాటలా నడుస్తూ ఉంటుంది కదా, మామూలు ఇయర్‌ఫోన్స్‌లో ఇంజిన్ మోత సరిగ్గా దాన్నే తినేసేది, వాల్యూమ్ పెంచితే చెవిపోటు. ఇప్పుడు సగం వాల్యూమ్‌లోనే బేస్ విడిగా వినబడుతోంది, అసలు పల్లవి వదిలేసి దాని వెనకే పోతున్నాను.

సీతమ్మధార మాస్టారు:
బాబూ, హె–ఇ యతి బాగా పట్టావు, 'లోన నిళయరాజ' అని ఇళయరాజా ముందు నకారం తేవడం ముచ్చటగా ఉంది. కానీ మూడో పాదం చివర 'అపుడు' దేనికి? గణం నిండలేదని కూర్చోబెట్టావు, అది కూర్చుంది, అంతకుమించి ఏ పనీ చెయ్యలేదు. ఇంకోటి, మా మనవణ్ణి అడిగి తెలుసుకున్నాను, నీ హెడ్‌ఫోన్‌లో ఉన్న చిన్న మైకు బయటి మోతని పట్టుకుని దానికి సరిగ్గా తిరగేసిన తరంగాన్ని తయారుచేసి కలుపుతుందట, రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఇంజిన్‌లా ఒకే తీరుగా సాగే మోతకైతే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ హారన్‌లాగ ఠపీమని వచ్చిపడే దానికి అంతగా పనిచెయ్యదు. మరి నువ్వు హారన్లకి భయపడి తొడిగానంటే ఎలా? ఇలా మార్చి చూడు.

బస్సుమోత కేను భయపడి తొడిగితి
హెడ్డుఫోను, లోన నిళయరాజ!
వీధిగోల నాకు వెడలెఁ జాలవఱకు;

రుషికొండ టెకీ:
'చాలవఱకు' అదిరింది సార్. కంపెనీవాడు కూడా అంత నిజాయితీగా రాయడు.

గాజువాక కుర్రాడు:
నాకు ఛందస్సు కొత్త, తప్పులుంటే తిట్టకండి.

డీజె బాక్సు పెట్టి గుండెల్ని దడిపించు
పెళ్లివారి గోల వీధివీధి;
నిద్ర రాక దూది నింపితి నారేయి
చెవులు మూసికొనిన చెవికి విందు.

ఈ పెళ్లిళ్ల సీజన్‌లో నేను వింటున్నది ఏటంటే ఏమీ లేదు, దూదే నా ప్లేలిస్ట్. ఊరేగింపు మా సందు మొదట్లో ఉండగానే కిటికీ అద్దాలు డాన్సు మొదలెట్టేస్తన్నాయి, పాట ఏటో తెలీదు, కడుపులో డబ్బుమని కొట్టేది మాత్రం తెలస్తంది.

సీతమ్మధార మాస్టారు:
తమ్ముడూ, కొత్త అన్నావు గానీ గణాలు ఎక్కడా తప్పలేదు. మొదటి పాదంలో యతి పోయింది, డీకి 'గుం' పడదు. 'డెందమ్ము దడిపించు' అంటే సరిపోతుంది, డెందమంటే గుండే.

గాజువాక కుర్రాడు:
గురువుగారూ, డెందమ్ము అని మా గాజువాకలో ఎవుడంటాడండీ. డీజే బాక్సు పక్కన డెందం పెడితే పెళ్లికొడుకు షేర్వాణీ మీద కండువా కప్పినట్టుంటది.

అల్లిపురం మామ్మ:
అబ్బాయి చెప్పింది నిజమే మాస్టారూ. 'డీజె బాక్సు పెట్టి డిమడిమ మోగించు' అనొచ్చుగా, యతీ పడుద్ది, చప్పుడూ వినబడుద్ది.

సీతమ్మధార మాస్టారు:
మామ్మగారూ, నమస్కారం. నా డెందమ్ము వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అబ్బాయీ, విందు ఎక్కడుంది చెప్పు. దూది పెట్టుకుంటే గోల తగ్గింది, బాగానే ఉంది, గోల తగ్గడం ఉపశమనం. ఆకలి తీరడం వేరు, విందు వేరు. నాలుగో పాదాన్ని మొయ్యాల్సింది మూడో పాదం, అక్కడే నీ పద్యం చెయ్యి వదిలేసింది.

గాజువాక కుర్రాడు:
ఒక్కసారి మా సందులో పడుకోండి గురువుగారూ, విందో కాదో తెలుస్తది.

డాబాగార్డెన్స్ కీబోర్డు:
బీథొవెన్ను చెవుడు పెనుభూతమై పట్ట
వ్రాసె మదిని వినుచు రాగమాల;
తొమ్మిదవది విన్న దొరలెల్ల మెచ్చిరి
చెవులు మూసికొనిన చెవికి విందు.

నేను కీబోర్డు నేర్చుకుంటున్నాను, అందుకే బీథోవెన్ సింఫనీలు వరసగా వింటున్నా. తొమ్మిదోది 1824లో వియన్నాలో మొదటిసారి వాయించేనాటికి ఆయనకి వినబడటం దాదాపు పూర్తిగా పోయింది, జనం చప్పట్లు కొడుతుంటే ఎవరో ఆయన్ని వెనక్కి తిప్పి చూపించారని చెప్తారు.

సీతమ్మధార మాస్టారు:
కథ గొప్పది, పద్యం కథని నమ్ముకుని ఊరుకుంది. ఆయన చెవులు మూసుకోలేదమ్మా, అవే మూసుకుపోయాయి. సమస్యలో మూసుకునేవాడు తన ఇష్టంతో మూసుకోవాలి. సింఫనీని రాగమాల అనడం కూడా యతి కోసం చేసిన పనే.

పెదవాల్తేరు ఫిడేలు:
విజయనగర బాణి వినుచుండు వేళలో
ద్వారమయ్య ఫిడెలు తలుపుఁ దెఱచెఁ
గనులు మూయవచ్చుఁ గాని, యెట్టు లగును
చెవులు మూసికొనిన చెవికి విందు?

నెల్లాళ్లుగా ద్వారం వెంకటస్వామినాయుడుగారి పాత రికార్డులు తప్ప ఇంకేమీ పెట్టట్లేదు, ఇంట్లోవాళ్లకి విసుగొచ్చేసింది. 1893లో బెంగళూరులో పుట్టినా పెరిగింది మన విశాఖలోనే, విజయనగరం సంగీత కళాశాల 1919లో పెట్టినప్పుడు ఫిడేలు చెప్పడానికి వెళ్లి 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. ఎందుకు వింటున్నానంటే మా మేష్టారు నా కమాను కీచుమంటోందని, ఆయన కమాను లాగే తీరు వినమన్నారు. రికార్డు గరగరలాడుతూ ఉంటుంది, ఆ గరగర వెనకనుంచి కూడా స్వరం నిండుగా, ఎక్కడా తెగకుండా వస్తుంది. పై షడ్జం, అంటే పై 'స', చేరేచోట నేనైతే కమాను నొక్కేస్తాను, ఆయన ఒత్తిడి పెంచినట్టే ఉండదు, స్వరం మాత్రం పెద్దదవుతుంది. అదెలాగో ఇంకా పట్టుబడలేదు.

సీతమ్మధార మాస్టారు:
ప్రశ్న వేసి సమస్యని తిరగ్గొట్టడం పాత చిట్కా, అవధానాల్లో చూసి చూసి విసుగెత్తినది. మామూలుగా అయితే దీనికి మార్కులు తగ్గించేవాణ్ణి. కానీ ద్వారంవారి ఫిడేలు తలుపు తెరిచిందన్నావే, ద్వా–త యతి మీదే ఆ శ్లేష పడిందే, దాంతో నోరు మూసుకున్నాను. కనులు మూయవచ్చు అన్నమాట కూడా కచేరీలో కూర్చున్నవాడు రాసిందిలా ఉంది.

అడ్మిన్ (వాల్తేరు):
కళాభారతి హాల్లో కచేరీలకి ముందు వరసలో కళ్లు మూసుకునేవాళ్లలో సగంమంది నిద్రపోతారు మాస్టారూ, అది కూడా లెక్కలోకి తీసుకోండి.

లాసన్స్‌బే అక్క:
ఒక్క చెవిని మూసి యుల్లాసముగఁ బాడ
శ్రుతిని తప్పకుండఁ జూచుకొందు;
రెండు మూసినంత రేగు నాద మొకటి
చెవులు మూసికొనిన చెవికి విందు.

నేను వింటున్నది పాట కాదు, తంబూరా. ఫోన్‌లో శ్రుతి యాప్ పెట్టుకుని పొద్దున్నే పావుగంట ఊరికే వింటాను, ఆ తర్వాతే నోరు తెరుస్తాను. నలభై దాటాక సంగీతం మొదలెట్టినవాళ్లకి గొంతుకంటే ముందు చెవి కుదరాలని మా టీచర్ అంటారు. ఒక చెవి మూస్తే మన గొంతు ఎముకల గుండా లోపలికి వచ్చేది గట్టిగా తెలుస్తుంది, శ్రుతి జారితే అక్కడే దొరికిపోతాం. రెండూ మూసుకుని మకారం పలికితే, అదే భ్రామరి ప్రాణాయామం, తలంతా తంబూరా అయిపోతుంది.

సీతమ్మధార మాస్టారు:
'శ్రుతినిఁ దప్పకుండ' అని సరళం రావాలమ్మా, త కాస్తా ద అవ్వాలి, దిద్దుకో. దిద్దుకున్నాక ఈ పద్యంలో వేలెట్టడానికి చోటు లేదు. ఒక చెవి, తర్వాత రెండు చెవులు, ఆ వరస సమస్యని మెట్టెక్కించి తీసుకెళ్లింది. ఏదీ తాకకుండానే లోపల మోగే నాదానికి అనాహత నాదం అనే పెద్ద మాట వాడకుండా 'నాద మొకటి' అని వదిలెయ్యడం ఇంకా బాగుంది. 'ఉల్లాసముగ' ఒక్కటే కాస్త పౌడరు రాసుకున్నట్టుంది.

ఉక్కునగరం:
లేటయ్యింది, డ్యూటీలో ఉన్నాను.

ఉక్కుమిల్లు మోత నూరక విన్నచో
చెవుడు తప్పదంచుఁ జెప్పినారు;
ప్లగ్గు పెట్టినాను, పాట మిగిలె నింట;
చెవులు మూసికొనిన చెవికి విందు.

వైర్ రాడ్ మిల్లులో పని. నారింజ రంగు ఇయర్ ప్లగ్గులు, నలిపి సన్నగా చేసి చెవిలో దోపితే మెల్లగా ఉబ్బి నిండుతాయి. మా సీనియర్లలో కొందరు చిరాకని పెట్టుకునేవారు కాదు, ఇప్పుడు వాళ్లింటికెళ్తే టీవీ వీధి చివరకి వినబడుద్ది. నేను వింటున్నది ఘంటసాల పద్యాలు. బి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పిల్లలు పడుకునుంటారు, అందుకని చాలా చిన్నగా పెట్టుకుంటాను. నాటకాల వాళ్లలా రాగం సాగదియ్యకుండా మాట మాటా విడిగా అందిస్తాడు కదా ఆయన, ఎంత చిన్నగా పెట్టినా ఒక్క అక్షరం పోదు. అది వినబడుతోందంటే నా చెవులు ఇంకా బాగున్నట్టే.

అల్లిపురం మామ్మ:
ఆయన విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నాడు నాయినా. ఆ మాట స్పష్టత ఊరికే రాలేదు.

రుషికొండ టెకీ:
అన్నా, నాది హెడ్‌ఫోన్, నీది ప్లగ్గు, రెండూ చెవులు మూసేవే, మరి నీ పద్యం ముందు నాది తేలిపోయిందేంటి.

సీతమ్మధార మాస్టారు:
నీ పద్యంలో మూసిందీ విన్నదీ ఒకే నిమిషంలో, ఒకే బస్సులో బాబూ. ఆయన షిఫ్టంతా మూసి దాచుకున్నది రాత్రికి వింటున్నాడు. 'పాట మిగిలె నింట', ఈ చివరి రెండు గణాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్ల–పా యతి కోసం వెతికినట్టే లేదు. 'ఊరక' అన్నది కూడా పూరణ కోసం వేసిన మాట కాదు, ఏ అడ్డూ లేకుండా అని దాని పని అది చేస్తోంది. నేను దిద్దడానికేమీ లేదు.

గాజువాక కుర్రాడు:
ఉక్కునగరం అన్నా, ఆ ప్లగ్గులు బయట మెడికల్ షాపులో దొరుకుతాయా? ఆదివారం మా సందులో ఇంకో పెళ్లుంది.

ఉక్కునగరం:
దొరుకుతాయి తమ్ముడూ. శుభ్రమైన చేత్తో నలుపు, చెవిని పైకి లాగి పట్టుకుని పెట్టు, ఉబ్బేదాకా వేలు తియ్యకు. దూది కంటే వంద రెట్లు నయం.