పోర్టు బార్లలో గొడవలు: మన సీమ నుంచి షిప్పుల్లో పోయినోళ్ళు ఉంటే చెప్పండప్పా

కర్నూలు మోటర్‌మ్యాన్:
అందరికీ నమస్కారం. తుంగభద్ర తప్ప వేరే నీళ్ళు సూడని ఊరి నుంచి పోయి 22 ఏండ్లు ఇంజిన్ రూములో పనిచేసినా. మా అక్క మనవడు జీపీ రేటింగ్ కోర్సు (షిప్పులో కింది స్థాయి పనులకు ట్రైనింగు) అయిపోయి ఫస్ట్ షిప్పు ఎక్కుతాండాడు, వాడు అడిగినాడు, తాతా మీ కాలంలో బార్లలో నిజంగానే కొట్టుకునేవాళ్ళా అని. కొట్టుకునేవాళ్ళే. 1996లో కొరియాలో బుసాన్ పోర్టు, రైల్వే స్టేషన్ ఎదురుగానే టెక్సాస్ స్ట్రీట్ అని ఉంటాది, ముందు అమెరికా నేవీ వాళ్ళు తిరిగిన సందు, మేం పోయేసరికి రష్యన్ సీమెన్లతో నిండిపోయి బోర్డులు గూడా వాళ్ళ భాషలోనే ఉండేవి. మేం ఏడుగురం ఒక మూల కూర్చుంటే పక్క టేబులోడు మా ఆయిలర్ కుర్చీ లాగేసినాడు, అంతే, ఎవరు ఎవర్ని కొడ్తాండారో తెలీదు, సీసాలు, స్టూళ్ళు గాల్లో లేస్తాండాయి. మా బోసన్, అంటే డెక్కు పనోళ్ళ పెద్ద, రత్నగిరి మనిషి. ఒక్క దెబ్బ కొట్టలేదు. లోపలికి దూరి మావాళ్ళని ఒక్కొక్కర్నే కాలర్ పట్టి బయటికి లాక్కొచ్చి గోడకు నిలబెట్టి లెక్కపెట్టినాడు. ఏడుగురం వచ్చినాం, ఏడుగురం పోవాల అన్నాడు. ఆ మాటే మనవడికి చెప్పినా.

ఏడురోడ్ల భండారీ:
అన్నా అట్లాంటి బోసన్లు ఉండబట్టే బతికినాం. నాది సౌత్ ఆఫ్రికాలో డర్బన్, 1999. బార్లుండే పాయింట్ రోడ్డుకు ఒంటరిగా పోవద్దని ఏజెంట్ ముందే చెప్పినాడు. ఆడ మా ఫిట్టర్‌కీ వేరే షిప్పు గ్రీకోళ్ళకీ పెద్ద రచ్చ అయింది, విడదీసిన బౌన్సర్ మా మొఖాలు చూసి ఇండియానా, ఏ ఊరు అని ఇంగ్లీషులో అడిగె. కడప అంటే తెలీలేదు, తెలుగు అనంగానే నా చెయ్యి వదల్లేదు. వాళ్ళ ముత్తాత చెరుకు తోటల కూలికి పోయినాడంట. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో మొదటి జట్టు పోయింది, ఆ తర్వాత 50 ఏండ్లు మనోళ్ళు పోతానే ఉండారు. ఆ బౌన్సర్‌కు అవ్వ, అన్నం, రా, కూచో, ఈ నాలుగు మాటలే వస్తాయి. మరుసటి రోజు ఇంటికి పిలిచి అన్నం పెట్టినాడు, వాళ్ళమ్మ నన్ను చూసి కండ్లనీళ్ళు పెట్టుకుంది. 2008లో ఆ పాయింట్ రోడ్డుకే మహాత్మాగాంధీ రోడ్డు అని పేరు మార్చినారు. అట్లాంటి వీధికి ఆ పేరేంది అని కొందరు బాధపడినారు గానీ ఆ బౌన్సర్ నిలబడిన వీధికి ఆ పేరు తగిందే అంటా నేను.

అనంత థర్డ్ మేట్:
పెద్దనాయనా, మాకు ఇవేం లేవు. కంటైనర్ షిప్పు పోర్టులో ఒక రోజు నిలబడితే గొప్ప. 2004 జులై నుంచి ఐఎస్‌పీఎస్ అనే షిప్పు, పోర్టు భద్రత రూల్స్ వచ్చినాక గేటు దాటాలంటేనే సవాలక్ష పేపర్లు, 2012 నుంచి డ్యూటీలో రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం దాటకూడదు, మా కంపెనీలో అయితే అసలు మందే లేదు. హాంబర్గ్‌లో డక్‌డాల్బెన్ అని సీమెన్ క్లబ్ ఉంది, 1986 నుంచి నడుస్తాంది, వ్యాన్ వచ్చి ఎక్కించుకోని పోతాది. పోయి ఇంటికి వీడియో కాల్ చేసి వచ్చేస్తాం. గొడవలు లేవు, మంచిదే, కానీ ఆరు నెలలు ఒకే షిప్పులో ఉండి గూడా పక్క క్యాబిన్ మనిషి గురించి ఏం తెలీకుండా దిగిపోతాండాం.

ప్రొద్దుటూరు ఆడబిడ్డ:
చిన్నాయనా, మా నాయన గూడా సీమెనే, డెక్కు మీద ఏబీ (అనుభవమున్న సీమెన్). ఎడమ చేతి మీద ఇంత పొడుగు గాటు ఉంది, బ్రెజిల్ బార్లో తగిలిందని అమ్మకు తెలుసు, అంతకుమించి ఆయన చెప్పడు. ఆ ఏడు అలాట్‌మెంట్ డబ్బులు (జీతంలోంచి ఇంటికి వచ్చే భాగం) రెండు నెలలు రాలేదు, అమ్మ చెనిక్కాయలు ఒలిచే కూలికి పోయి మమ్మల్ని సాకింది. తాగి పోగొట్టినాడనే అనుకుంటా పెరిగినా నేను. ఎట్లా అడగాల?

కర్నూలు మోటర్‌మ్యాన్:
తల్లీ, బారు గురించి అడగొద్దు. ఏ సరుకు నాయనా, ఎన్ని రోజులు నిలబడినారు అని అడుగు. సరుకు నుంచి మొదలుపెడితే మిగతాది అదే వస్తాది. ఇంకోటి, దెబ్బ తగిలినోళ్ళు చానామంది కెప్టెన్‌కు చెప్పకుండా క్యాబిన్లోనే కట్టు కట్టుకునేవాళ్ళు, లాగ్ బుక్కులో (షిప్పు రికార్డులో) పడితే జీతం కోత, మళ్ళీ షిప్పు దొరకదని భయం.

ప్రొద్దుటూరు ఆడబిడ్డ:
అడిగినా. బ్రెజిల్‌లో సాంటోస్ పోర్టు, చక్కెర మూటలు, 1987. వాన వస్తే చక్కెర తడుస్తాదని హ్యాచ్‌లు (సరుకు గది మూతలు) మూసేస్తారంట, అందుకే పదకొండు రోజులు నిలబడినారంట. పోయింది అయిదుగురు, బయటికి వచ్చి చూసుకుంటే నలుగురే. మొదటి షిప్పు ఎక్కిన తూత్తుకుడి పిల్లోడు లోపలే ఉండిపోయినాడని మా నాయన మళ్ళీ పోయినాడంట. గాటు అప్పుడు పడింది. జీతంలో కోత గూడా దానికేనంట. రాత్రి పన్నెండు దాకా చెప్పినాడు, అమ్మ గూడా పక్కనే కూర్చుని వినింది. పొద్దున లేస్తూనే ఆ పిల్లోడు ఇప్పుడు యాడుండాడో మీవాళ్ళని కనుక్కోమ్మా అన్నాడు. తూత్తుకుడి వైపు షిప్పుల్లో పనిచేసినోళ్ళు తెలిసుంటే కొంచెం అడిగి చూడండి.