అప్‌డేట్: రిజిస్టర్డ్ డైటీషియన్ శిక్షణలో చేరాను

రిజిస్టర్డ్ డైటీషియన్ (రోగులకు తగిన ఆహారం నిర్ణయించే, అధికారిక గుర్తింపు ఉన్న నిపుణులు) కావడానికి ఇన్నేళ్ల చదువూ, ఆసుపత్రి శిక్షణా నిజంగా అవసరమా, దానికి తగ్గ జీతం వస్తుందా అని ఇంతకుముందు అడిగాను. చేరాను, ఇప్పుడు వార్డు శిక్షణలో ఉన్నాను. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని ఒక రోగికి వెంటనే కడుపునిండా ఆహారం ఇవ్వాలని నేను రాస్తే, మా పర్యవేక్షకురాలు ఆపి, ముందు రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చూడమన్నారు. అలాంటి శరీరానికి ఒక్కసారిగా పిండిపదార్థం అందితే ఇన్సులిన్ పెరిగి, ఆ లవణాలు కణాల్లోకి వెళ్లిపోయి, గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి, థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చాక, మొదటి రోజు కిలో బరువుకు 10 నుంచి 20 కిలోక్యాలరీల మధ్యే మొదలుపెట్టారు. ఆ లెక్క నేనే వేశాను. ఆమె రెండుసార్లు సరిచూసి సంతకం చేశారు. జీతం గురించిన సందేహం మాత్రం ఇంకా తీరలేదు. వచ్చే నెల మూత్రపిండాల వార్డుకు మారుతున్నాను.