శామ్యూల్ బార్బర్ గురించి గంటసేపు మాట్లాడాలి, ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మహతి చివరి వరుస, తిరుపతి:

అందరికీ నమస్కారం. తిరుపతిలో సంగీతం వినే అలవాటున్న మిత్రులం కొందరం నెలకోసారి ఒకరింట్లో కలుస్తాం. ఈసారి పాశ్చాత్య సంగీతం విందామని ఎవరో అనడం, మిగతావాళ్లంతా నా వైపు చూడడం జరిగిపోయాయి. నేను అమెరికా స్వరకర్త శామ్యూల్ బార్బర్ పేరు చెప్పాను. ఆయన ‘అడాజియో ఫర్ స్ట్రింగ్స్’ను మావాళ్లలో చాలామంది ఎవరిదో తెలియకుండానే ఎక్కడో ఒకచోట విని ఉన్నారు.

ఆయన రెండు పెద్ద ఒపెరాలు, అంటే పాటగానే నడిచే నాటకాలు, రాశారనీ, ఒకదానికి పులిట్జర్ బహుమతి వచ్చిందనీ, రెండోది ఘోరంగా దెబ్బతిన్నదనీ చదివాను. ‘నియోరొమాంటిక్’ అని ఆయనకు ఒక ముద్ర ఉంది. అది ఎందుకో రెండు ముక్కల్లో చెబితే మేలు.

అసలు చిక్కు వేరే ఉంది. మా బృందంలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్ ఒకరున్నారు. ఏ కవి పేరెత్తినా ముందు వాళ్లింట్లో ఎవరెవరున్నారని అడుగుతారు. “అన్నమయ్యను ఒక్కడినే చూస్తే ఏం తెలుస్తుంది? భార్య తిమ్మక్క సుభద్రా కల్యాణం రాసింది, కొడుకు పెద తిరుమలయ్య సంకీర్తనలు రాశాడు, మనవడు చిన్నన్న తాత కథను ద్విపదలో చెప్పాడు. మీ అమెరికా ఆయనకు అలాంటి ఇల్లుందా?” అన్నారు. నేను నీళ్లు నమిలాను.

ఇంకో మాట. ఒపెరా అంటే కేకలని బెదిరేవాళ్లు మాలో సగం మంది. వాళ్లు కాఫీ వంకతో లేచి వెళ్లిపోకుండా ఏమి వినిపించాలి?


హార్మోనియం మాస్టారు, చిత్తూరు:

మీ మేడమ్‌గారికి నా నమస్కారం చెప్పండి. బార్బర్ విషయంలో అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

నేను మా జిల్లాలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించినవాణ్ని. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర భారతం జరిగే రోజుల్లో రాత్రి నాటకాలకూ కూర్చున్నాను. మా అబ్బాయి ఉద్యోగం ఫిలడెల్ఫియాలో. వాడింటికి వెళ్లినప్పుడు పగలంతా తోచక, దగ్గర్లోని గ్రంథాలయంలో దొరికినదల్లా వినేవాణ్ని. అక్కడ పట్టుకున్నాడు నన్ను బార్బర్. ఆయన పుట్టిన వెస్ట్ చెస్టర్ అక్కడికి ఎంతో దూరం కాదు.

1910లో డాక్టరుగారింట్లో పుట్టాడు. తల్లి పియానో వాయించేది. ఆమె తోబుట్టువు లూయీజ్ హోమర్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో పేరుమోసిన గాయని, ఆ రోజుల్లో జగమెరిగిన గాయకుడు కరూసో పక్కన నిలబడి పాడిన మనిషి. ఆమె భర్త సిడ్నీ హోమర్ పాటలకు వరసలు కట్టేవాడు. మేనల్లుడికి ఏళ్ల తరబడి ఉత్తరాల్లో బుద్ధులు చెప్పింది ఆయనే. తొమ్మిదో ఏట ఈ కుర్రాడు తల్లికి ఒక చీటీ రాసిపెట్టాడు: తాను ఆటగాడిగా కాదు, స్వరకర్తగా పుట్టాననీ, ఇది మరచిపోయి ఫుట్‌బాల్ ఆడుకోమని మాత్రం చెప్పవద్దనీ. పదేళ్లకు ‘ద రోజ్ ట్రీ’ అనే చిన్న ఒపెరా మొదలుపెట్టాడు. దానికి మాటలు రాసింది ఎవరనుకున్నారు? వాళ్లింటి వంటమనిషి, ఐర్లాండ్ ఆవిడ ఆనీ నోబుల్. మేడమ్‌గారికి ఇది తప్పకుండా చెప్పండి. వంటింట్లోంచి కూడా సాహిత్యం వచ్చిన ఇల్లది.

ఫిలడెల్ఫియాలో కర్టిస్ సంగీత విద్యాలయం 1924లో తెరిచారు. మొదటి జట్టులోనే పద్నాలుగేళ్ల బార్బర్ చేరాడు. స్వరరచన, పియానో, గాత్రం మూడూ నేర్చాడు. ఈ గాత్రం సంగతి గట్టిగా పట్టుకోండి. ఆయన మంచి బారిటోన్, అంటే మరీ పైకీ మరీ కిందికీ పోని మగ గొంతు. ‘డోవర్ బీచ్’ అన్న తన రచనను 1935లో తానే పాడి రికార్డు చేశాడు. ఊపిరి ఎక్కడ అందుతుందో, ఎక్కడ అందదో తన గొంతులో తెలుసుకున్నవాడు కనుకనే ఆయన వరసలు గాయకుణ్ని ఏడిపించవు. మా పద్యనాటకాల్లో ఎక్కువ పద్యాలు నిలబడేది ఇక్కడే, కూలేదీ ఇక్కడే.

1928లో ఇటలీ నుంచి జాన్ కార్లో మెనోటి కర్టిస్‌కు వచ్చాడు. ఇంగ్లీషు సరిగా రాదు. బార్బర్ చేరదీసి సెలవులకు వెస్ట్ చెస్టర్ ఇంటికి తీసుకువెళ్లాడు. అక్కడి నుంచి దశాబ్దాల పాటు ఇద్దరిదీ ఒకే సంసారం. 1943లో న్యూయార్క్‌కు ఉత్తరాన మౌంట్ కిస్కోలో ‘కాప్రికార్న్’ అనే ఇల్లు కొన్నారు. ఒకరి పియానో మరొకరికి వినిపించకుండా ఇంటికి ఆ చివర ఒక గది, ఈ చివర ఒక గది. ఇద్దరు స్వరకర్తలు ఒక కప్పు కింద బతకాలంటే చేయవలసిన మొదటి పని అది!

మీరు చెప్పిన అడాజియో 1936లో పుట్టింది. మొదట అది నాలుగు వాద్యాల క్వార్టెట్‌లో నెమ్మదిగా సాగే భాగం. దాన్నే పెద్ద తంత్రీ వాద్యబృందానికి మలిచి, వాద్యబృందాలను నడిపించడంలో పేరుమోసిన టోస్కనీనీకి పంపాడు. ఆయన ఒక్క ముక్క రాయకుండా కాగితాలు తిప్పి పంపాడు. బార్బర్‌కు కోపం వచ్చింది, ఆ వేసవిలో ఆయన్ని చూడడానికి వెళ్లనే లేదు. మెనోటి ఒక్కడే వెళ్లి మిత్రుడికి ఒంట్లో బాగాలేదని చెప్పబోతే, ఆ పెద్దాయన నమ్మలేదు. స్వరాలన్నీ అప్పటికే కంఠస్థం అయ్యాయట, అందుకే తిప్పి పంపాడట. 1938 నవంబరు 5న రేడియోలో వినిపించాడు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోయినప్పుడు కూడా రేడియోలో అదే.

ఇక పులిట్జర్ వచ్చిన ఒపెరా ‘వెనెస్సా’. 1958 జనవరి 15న మెట్రోపాలిటన్‌లో తెర లేచింది. మాటలు మెనోటివి. చలిదేశంలో ఒక పెద్ద ఇల్లు, అద్దాలన్నిటికీ ముసుగులు. వెనెస్సా ఇరవై ఏళ్లుగా అనతోల్ అనే ప్రియుడి కోసం ఎదురుచూస్తూ తన ముఖం తాను చూసుకోవడం మానేసింది. ఒక మంచు రాత్రి అనతోల్ వస్తాడు. వచ్చినవాడు ఆ అనతోల్ కాదు, కొడుకు. తండ్రి పోయాడు, పేరు ఒక్కటే మిగిలింది. ఆ రాత్రే వాడు వెనెస్సా మేనకోడలు ఎరికాను లోబరచుకుంటాడు, తర్వాత వెనెస్సాను పెళ్లాడతాడు. ఇంటి పెద్ద ముసలి బారనెస్ అందరినీ చూస్తూ, వెనెస్సాతో మాట్లాడకుండా కూర్చుంటుంది. మన పద్యనాటకంలో అలా నోరు మూసుకున్న పాత్రను ఎవరైనా రాస్తే, ఆ వేషం వేయడానికి మనిషి దొరకడు.

మొదటి అంకంలో ఎరికా పాట ఒకటుంది, చలికాలం ఇంత త్వరగా రావాలా అంటూ. రెండు నిమిషాలు, కాస్త అటూఇటూ. చివర ఈ నలుగురూ, ఇంటి డాక్టరూ కలిపి ఐదుగురూ విడిపోయే ముందు ఒకే వరసను ఒకరి వెనుక ఒకరు అందుకుంటారు. మా ఊళ్లలో అయితే అక్కడ ‘వన్స్‌మోర్’ అని ఈలలు పడి నాటకం అరగంట ఆగేది.


బైరాగిపట్టెడ రేడియో, తిరుపతి:

మాస్టారూ, బాగా చెప్పారు. కానీ రెండో ఒపెరాను దాటవేశారు. దెబ్బ తగిలిన చోటే మనిషి కనబడతాడని నా నమ్మకం.

ముందు ‘నియోరొమాంటిక్’ సంగతి. తోటి స్వరకర్తల్లో చాలామంది పాత శ్రుతిపద్ధతిని వదిలేసి పన్నెండు స్వరాల లెక్కల్లోకి వెళ్తుంటే, ఈయన పాడుకోదగిన వరసను వదల్లేదు. అందుకని విమర్శకులు పాతకాలపువాడన్నారు. పూర్తిగా నిజం కాదు. 1949లో హొరొవిట్జ్ వాయించిన పియానో సొనాటాలో ఆ పన్నెండు స్వరాల వరుసలనూ వాడుకున్నాడు, వాడుకుని తన దారినే పోయాడు.

1966 సెప్టెంబరు 16న న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో మెట్రోపాలిటన్ కొత్త భవనం ప్రారంభం. ఆ రాత్రి కోసమే ‘ఆంటొనీ అండ్ క్లియోపాత్రా’ రాయించారు. షేక్‌స్పియర్ నాటకాన్ని కోసి ఒపెరాకు సరిపెట్టింది, దర్శకత్వం వహించింది, రంగాలంకరణ, దుస్తులు చూసింది అన్నీ ఫ్రాంకో జెఫిరెల్లీ. వేదిక నిండా జనం, జంతువులు, లోహపు తళుకులు. బరువు తాళలేక తిరిగే వేదిక రిహార్సల్స్‌లోనే చెడిపోయింది. క్లియోపాత్రా వేషం వేసిన లియొంటీన్ ప్రైస్ పిరమిడ్‌లో చిక్కుబడిపోయిన కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. మర్నాడు పత్రికలు చీల్చి చెండాడాయి. బార్బర్ యూరప్‌కు వెళ్లిపోయాడు. తాగుడూ దిగులూ పట్టుకున్నాయి.

అందరూ తప్పంతా జెఫిరెల్లీ మీద వేస్తారు. నాకు అంత సులువుగా మింగుడుపడదు. ఇంట్లో మెనోటి ఉండగా, బయటి దర్శకుడు కోసిన మాటలకు వరస కట్టడమేమిటి? మెనోటి చేయి పడినవి నిలిచాయి. 1959 నాటి ‘ఎ హ్యాండ్ ఆఫ్ బ్రిడ్జ్’ చూడండి. తొమ్మిది నిమిషాల ఒపెరా. రెండు జంటలు పేకాడుతుంటాయి, ఒక్కొక్కరి మనసులో ఏముందో వంతులవారీగా పాడతారు. ఒకామె ఆలోచనంతా నెమలి ఈకల టోపీ మీదే! మీ కాఫీ బృందానికి ఇంతకంటే సరిపోయేది లేదు.


హార్మోనియం మాస్టారు, చిత్తూరు:

రేడియోగారూ, వేదికను మీరు తేలిగ్గా వదిలేశారు. సురభివారి నాటకాల్లో ఆకాశంలో తేలే ఘటోత్కచుణ్ని చూసి నేనూ నోరు తెరిచాను. అక్కడ కూడా పద్యం మొదలైతే యంత్రం ఆగుతుంది. అది తెలిసిన దర్శకుడు వేరు, కొత్త భవనంలోని మీటలన్నీ ఒకే రాత్రి నొక్కాలనుకున్న దర్శకుడు వేరు. అదే ఒపెరాను బార్బర్, మెనోటి కలిసి కుదించి 1975లో జూలియర్డ్ విద్యాలయంలో వేయించారు. సంగీతంలోనే సత్తా లేకపోతే ఆ కష్టం ఎందుకు పడతారు? క్లియోపాత్రా ఘట్టాలు రెండింటిని ప్రైస్ విడిగా పాడి రికార్డు చేసింది. పిరమిడ్ లేకుండా వినండి.

మెనోటి గురించి మీరన్నది మాత్రం సగం ఒప్పుకుంటాను. అప్పటికే ఇద్దరి మధ్య దూరం పెరిగింది. కాప్రికార్న్‌ను 1973లో అమ్మేశారు. ఇల్లు పోయాక బార్బర్ పెద్దగా రాయలేదు. 1981లో న్యూయార్క్‌లో పోయాడు, వెస్ట్ చెస్టర్‌లో తల్లి పక్కన పూడ్చారు.


మహతి చివరి వరుస, తిరుపతి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మేడమ్‌గారికి ఫోనులో చదివి వినిపించాను. వంటమనిషి దగ్గర ఆపి మళ్లీ చదవమన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. మెనోటి, బార్బర్‌ల సంసారం సంగతి సభలో ఎలా చెప్పాలి? మావాళ్లలో పెద్దవయసువారు ఉన్నారు. అలాగే ఒపెరా కాకుండా ముందు ఒక చిన్న పాట పెడితే చెవులు అలవాటు పడతాయా?


హార్మోనియం మాస్టారు, చిత్తూరు:

తిమ్మక్క అన్నమయ్య భార్య అని మీరు ఎలా చెబుతారో, అలాగే ఒక్క వాక్యంలో చెప్పండి. గొంతు తగ్గించి చెబితేనే గుసగుసలు మొదలవుతాయి. మెనోటికి కూడా విడిగా రెండు నిమిషాలు ఇవ్వండి, ఆయన బార్బర్ నీడ కాదు. 1951 క్రిస్మస్ ముందురోజు రాత్రి అమెరికా టీవీలో వచ్చిన ‘అమాల్ అండ్ ద నైట్ విజిటర్స్’ ఆయనదే. పులిట్జర్లు కూడా రెండు కొట్టాడు.

చిన్న పాటకు ‘హెర్మిట్ సాంగ్స్’ తీసుకోండి. వెయ్యేళ్ల కిందటా ఆ తర్వాతా ఐర్లాండ్ సన్యాసులు గ్రంథాలు నకలు చేస్తూ అంచుల్లో గిలికిన కవితలవి. పై పెద్దకు తెలియకుండా రాసుకున్నవీ ఉన్నాయి. 1953లో వాషింగ్టన్‌లో మొదటిసారి పాడింది లియొంటీన్ ప్రైస్, అప్పటికి ఆమెకు ఇంకా ఇంత పేరు రాలేదు. పియానో మీద బార్బరే. అందులో ఒక సన్యాసి, అతని తెల్లపిల్లి పాట ఉంది. ఒకే గదిలో ఇద్దరూ. ఆయన చదువుకుంటాడు, అది ఎలుకను పడుతుంది, ఎవరి పని వారిది, ఎవరికీ ఎవరి అడ్డూ లేదు. పియానో బద్ధకంగా ఒళ్లు విరుచుకుంటున్నట్టు నడుస్తుంది. రాగం పేరేమిటని ఎవరైనా అడిగితే తర్వాత చెబుతానని దాటెయ్యండి. ఆ చర్చ మొదలైతే గంట అయిపోతుంది.

నా మాట వింటే వరుస ఇది: పిల్లి పాట, ఇంటి కథ, ఎరికా పాట, తర్వాత రేడియోగారి పేకాట. అడాజియో వద్దు, అది వాళ్లకు వచ్చు. వెనెస్సాకు 1958లో మొదటి ప్రదర్శన బృందంతోనే, మిట్రోపౌలోస్ నడిపించిన రికార్డింగ్ ఉంది. ఎలెనోర్ స్టీబర్ వెనెస్సా, రోజలిండ్ ఎలయస్ ఎరికా. వెనెస్సా వేషానికి ముందు అనుకున్న గాయని తప్పుకుంటే స్టీబర్ కొద్ది వారాల్లో నేర్చుకుని నిలబడింది, అందుకే అదే పెట్టండి. ఎరికా పాట మాటలు తెలుగులో అరపేజీ రాసి పంచండి, మేడమ్‌గారినే చదవమనండి. కథను మాత్రం ముందే అంతా చెప్పేయవద్దు. అనతోల్ తలుపు తట్టేదాకా చెప్పి ఆపండి, మిగతాది వాళ్లే అడుగుతారు.